నొప్పి తెలియని పాదానికి కావలి

ముల్లు గుచ్చుకుంటే కాలు వెంటనే వెనక్కి తీసుకుంటాము. ఆ నొప్పి మనకు శత్రువు కాదు, కావలివాడు. షుగరు వ్యాధి చాలా ఏళ్లు అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతిని ఆ కావలివాడు నిద్రపోతాడు. సాగర్ ఎడమ కాలువ కింద వరి మడుల్లో చెప్పులు లేకుండా పనిచేసేవారికి ఇది పెద్ద ప్రమాదం. పుండు పడినా నొప్పి ఉండదు గనుక దాని మీదే నడుస్తారు. చివరకు కాలు తీసివేయవలసి రావచ్చు.

వేలూరు నేర్పిన పాఠం

డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో నేటి తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు జన్మించారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి కుష్ఠు రోగులకు సేవ చేశారు. వారి వేళ్లు వాటంతట అవే రాలిపోవని, స్పర్శ లేనందున తగిలే దెబ్బల వలన, పుండ్ల వలన పాడవుతాయని చూపించారు. 1966లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి వెళ్లాక అరికాలి మీద ఒత్తిడిని కొలిచే సాధనాలను, పాదం వేడిని చిత్రంగా చూపే కెమెరాలను వాడారు. ఆ పాఠాలు నేడు షుగరు రోగులకూ ఉపయోగపడుతున్నాయి.

ఆసుపత్రిలో చేసే పరీక్షలు

1. నైలాన్ పోగు: 10 గ్రాముల ఒత్తిడికి వంగే పోగు ఇది. మీరు కళ్లు మూసుకున్నప్పుడు అరికాలికి ఆనిస్తారు. తాకినట్టు తెలియకపోతే పాదానికి రక్షణ తగ్గినట్టే.

2. బయోథీసియోమీటరు: పాదానికి సన్నని అదురు పుట్టిస్తుంది. 25 వోల్టులు దాటినా అదురు తెలియకపోతే పుండు పడే ప్రమాదం ఎక్కువ.

3. డాప్లర్: రక్త ప్రవాహాన్ని శబ్దంగా వినిపిస్తుంది. చీలమండ బి.పి.ని చేతి బి.పి.తో భాగిస్తే 0.9 కంటే తక్కువ వస్తే కాలికి రక్తం సరిగా అందడం లేదని అనుమానించాలి. షుగరు వలన రక్తనాళాలు గట్టిపడినవారిలో ఈ అంకె బాగున్నట్టు కనిపించి మోసం చేయవచ్చు.

4. వేడి కొలత: రెండు పాదాల్లో ఒకే చోట 2.2 సెల్సియస్ డిగ్రీల కంటే ఎక్కువ తేడా వరుసగా రెండు రోజులు ఉంటే లోపల వాపు ఉండవచ్చు. నడక తగ్గించి డాక్టరుకు చూపించాలి.

5. ఎక్స్‌రే, ఎం.ఆర్.ఐ.: ఎముకకు చీము పట్టినా మొదటి రెండు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. మళ్లీ తీయించమంటే విసుగు పడకండి. ఎం.ఆర్.ఐ.లో ముందే తెలుస్తుంది.

ఇవన్నీ అందరికీ అవసరం లేదు. షుగరు ఉన్నవారందరూ ఏడాదికి ఒకసారైనా పాదాలు పరీక్ష చేయించుకోవాలి. పోయిన స్పర్శను యంత్రం తిరిగి ఇవ్వలేదు, హెచ్చరిక మాత్రమే ఇస్తుంది. మిగిలిన కావలి మన ఇంట్లోనే ఉంది.

ఇంట్లో ప్రతి రోజూ

* అరికాళ్లు అద్దంలో చూసుకోండి. చూపు ఆనకపోతే పిల్లలను చూడమనండి.
* కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడవండి. వేడినీళ్లలో కాళ్లు పెట్టవద్దు.
* చెప్పులు దులిపి వేసుకోండి. ఎండాకాలం మందిరం గుమ్మం వరకు విడవకండి.
* ఆనెకాయలను బ్లేడుతో కోయవద్దు.
* పుండు, వాపు, ఎరుపు కనిపిస్తే నొప్పి లేకపోయినా అదే రోజు ఆసుపత్రికి రండి.

యేసు ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతి యోహాను సువార్త 13వ అధ్యాయంలో ఉంది. ఈ రాత్రి మీ ఇంట్లో షుగరు ఉన్న పెద్దవారి పాదాలు మీరే కడిగి, దీపం వెలుగులో ఒకసారి చూడండి.