వ్రాసినది నిలుచుట యెట్లు? — కంప్యూటరు ఫైళ్లను గూర్చి యొక పాఠము

బెల్షస్సరు రాజు విందు కథను మన మందఱము ఆదివారపు బడిలో చదివియున్నాము. గోడమీద వ్రాత కనబడుచునే యుండెను. అయినను ఆ కొలువులోని జ్ఞానులలో నొక్కడును దానిని చదువలేకపోయెను. వ్రాత కంటి యెదుట నుండియు చదువ వీలు కాకుండుట యెట్టిదో గత సంవత్సరము మాకు స్వానుభవమున దెలిసినది. ఆ సంగతిని ముందుగా జెప్పి, పిమ్మట దాని కారణములను విచారింతము.

మన పాఠశాలలో జదివి, ఇచ్చటనే చిరకాలము ఉపాధ్యాయినిగా బనిచేసి, ప్రభువునందు నిద్రించిన యొక తల్లిగారు 2003వ సంవత్సరపు వార్షిక సంచికలో దమ బోర్డింగు దినములను గూర్చి యొక వ్యాసము వ్రాసిరి. గత సంవత్సరము వారి కుమార్తె మాయొద్దకు వచ్చి, ఆ వ్యాసము ప్రతి యొకటి కావలెనని కోరెను. తల్లి వ్రాతలలో ఆమెకు మిగిలినది మఱేదియు లేదు. మేము బీరువాలన్నియు వెదకితిమి. ఆ యేటి సంచికలు వానకు దడిసి చెదలుపట్టి, నాలుగు పుటలు మాత్రము మిగిలియుండెను. అంతలో నొక సీడీ దొరకెను. దానిపై సంవత్సరమును, "సంచిక" యను మాటయు జక్కగా వ్రాసియుండెను. మేము సంతోషముతో ఫైలు దెఱచితిమి. తెర నిండ ఇంగ్లీషు అక్షరములు, డాలరు గుర్తులు, పైన చుక్కలు గల యూరపు దేశపు అక్షరములు! తెలుగు అక్షరము ఒక్కటియు లేదు. ఫైలు చెడలేదు; అందలి గుర్తులలో నొక్కటియైన నశింపలేదు. అయినను వ్యాసము చదువరాదాయెను.

ఇట్లేల జరిగెను? ఈ ప్రశ్నకు సమాధానమే నేటి పాఠము.

1. ఫైలనగా నేమి?

కంప్యూటరునకు అక్షరము తెలియదు. అంకె మాత్రమే తెలియును. అదియు 0, 1 అను రెండు గుర్తులతోనే. ఇట్టి గుర్తులు 8 చేరిన నొక బైటగును. ఒక బైటుతో 256 వేర్వేఱు సంఖ్యలను దెలుపవచ్చును. మనము వ్రాయు లేఖయు, తీయు ఫోటోయు, పాడు కీర్తనయు కంప్యూటరులో నిట్టి సంఖ్యల వరుసగానే యుండును. ఆ వరుసకు బేరిడి దాచినచో అది ఫైలు. ఏ సంఖ్య దేనికి గుర్తో తెలుపు నొడంబడికకే ఫార్మాటని పేరు.

పూర్వపు అచ్చుకూటమును దలచుకొనుడు. కంపోజిటరు ఎదుట గళ్లుగళ్లుగా నున్న పెట్టె యుండును. ఒక్కొక్క గడిలో నొక్కొక్క సీసపు అక్షరము. ఒకడు "65వ గడి, 12వ గడి, 40వ గడి" యని చెప్పుచుండగా రెండవవాడు అక్షరములు దీసి పేర్చుచున్నాడనుకొందము. ఇద్దఱి యెఱుకలో గళ్ల యమరిక యొక్కటియైనచో మాట సరిగా వచ్చును. పెట్టె మార్చి వేఱొక అచ్చుకూటపు పెట్టె పెట్టినచో, చెప్పినవాడు తప్పు చెప్పకున్నను, తీసినవాడు తప్పు తీయకున్నను, పేర్పు మాత్రము అర్థము లేనిదగును. మాకు గలిగిన యిక్కట్టు సరిగా నిదియే.

2. తెలుగు అక్షరములకు గడులు దొరకిన విధము

అమెరికాలో 1963వ సంవత్సరమున ఆస్కీ యను నొడంబడిక యేర్పడెను. అందు 128 గడులు మాత్రమే గలవు. ఇంగ్లీషు పెద్ద ఏ యక్షరమునకు 65వ సంఖ్య. ఇంగ్లీషు వారికిది చాలెను. మనకు జోటు లేకపోయెను. భారతదేశపు లిపులకై యిస్కీ యను ప్రమాణము 1991లో మన దేశపు ప్రమాణముల సంస్థచే నంగీకరింపబడినది గాని, అచ్చు పనివారిలో ననేకులు దానిని వాడలేదు. వారు వేఱొక యుపాయము పన్నిరి. ఇంగ్లీషు అక్షరములుండు గడులలోనే తెలుగు తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు ముక్కలుముక్కలుగా నమర్చి ఫాంటులు చేసిరి. కంప్యూటరు తాను ఇంగ్లీషే వ్రాయుచున్నాననుకొనును. కాగితముపై మాత్రము తెలుగు పడును.

వారిని నిందింపరాదు. నాటి కంప్యూటరులలో తెలుగు నచ్చొత్తుటకు అంతకంటె సుళువైన దారి లేదు. వారికి కావలసినది కాగితముపై అందమైన యక్షరము. అది వారు సాధించిరి. అయితే ఒక్కొక్క ఫాంటు చేసినవారు ఒక్కొక్క తీరుగా గడులు నింపిరి. ఫైలులో నున్నవి ఇంగ్లీషు గడుల సంఖ్యలే గాన, ఆ ఫాంటు లేనిచోట తెలుగు మాయమై ఇంగ్లీషు గజిబిజి మిగులును.

ఈ చిక్కును దీర్చుటకు పుట్టినదే యూనికోడు. దాని మొదటి ప్రతి 1991లో వెలువడినది; తెలుగు అప్పటినుండియు నందున్నది. ప్రపంచపు లిపులన్నిటికి నొకే పెద్ద పెట్టెలో వేర్వేఱు గడులేర్పఱచుట దాని యుద్దేశము. తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. "అ" యను నక్షరమునకు 3077, "క" యను దానికి 3093. ఈ సంఖ్యలు మఱి యే యితర లిపి యక్షరమునకును జెందవు. ఫాంటు మార్చినచో అక్షరపు సొగసు మారును గాని, "క" యెన్నటికిని "క"యే.

ఈ సంఖ్యలు 256ను మించినవి గదా, బైటులలో నెట్లు పట్టునని మీరడుగవచ్చును. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అను నిద్దఱు దీనికి యు.టి.ఎఫ్.-8 అను చక్కని పద్ధతి గనిపెట్టిరి. ఆస్కీ యక్షరము లొక్క బైటులోనే యుండును; తెలుగు అక్షరమునకు మూడు బైటులు. "క"కు 224, 176, 149 అను మూడు. "క్రీస్తు" అను మాటను దీసికొనుడు. కంటికి రెండక్షరములు, కాని కంప్యూటరు దానిని క, పొల్లు, ర, గుడి దీర్ఘము, స, పొల్లు, త, కొమ్ము అని 8 గుర్తులుగా దాచును. అనగా 24 బైటులు. ఒత్తుల నెక్కడ దగిలింపవలయునో చూపువేళ ఫాంటు చూచుకొనును. వ్రాత వేఱు, దాని రూపము వేఱు అను నీ విభాగమే యిందలి జ్ఞానము.

3. తోలు గ్రంథము, లేజరు పళ్లెము

ఈ యాపద తెలుగువారికి మాత్రమే కలిగినది గాదు. ఇంగ్లాండు దేశమున విలియము రాజు ఆజ్ఞచే 1086లో భూములు, పశువులు, పన్నులు లెక్కించి డూమ్స్‌డే గ్రంథము వ్రాయించిరి. దాని 900వ వార్షికోత్సవమునకు, 1986లో, బి.బి.సి. వారు క్రొత్త డూమ్స్‌డే యని లేజరు పళ్లెములను సిద్ధపఱచిరి. వేలకొలది పాఠశాలల బాలబాలికలు తమ యూళ్లను గూర్చి వ్రాసి, ఫోటోలు దీసి పంపిరి. ఆ పళ్లెములను జదువుటకు ప్రత్యేకమైన యంత్రము కావలయును. పదునైదేండ్లు గడచునప్పటికి అట్టి యంత్రములు దుర్లభమాయెను. 900 ఏండ్లనాటి తోలు పుటలు లాటిను వచ్చినవారెవరైనను జదువగలరు. నిన్నటి పళ్లెమును జదువుటకు విశ్వవిద్యాలయముల పండితులు పాటుపడవలసివచ్చెను. వారి కృషివలన అది దక్కెను, 2011లో బి.బి.సి. వారు అందలి యూళ్ల వృత్తాంతములను ఇంటర్నెట్టులో నుంచిరి.

ఇందుండి మన మెఱుగవలసినది రెండు. వస్తువు నిలిచినంత మాత్రమున వ్రాత నిలువదు. దానిని జదువు విధముగూడ నిలువవలయును. ఆ విధము నలుగురికి దెలిసినదైనచో నెక్కువ కాలము నిలుచును; ఒక్కరి చేతిలో నున్నచో వారితోనే పోవును.

4. కంపెనీలు, తాళపుచెవులు

ఇక నీ వృత్తిలోని పెద్ద కంపెనీలను గూర్చి జనులు రెండు విధముల మాటలాడుదురు. "వారు లోభులు, మనలను బంధించుటకే ఫార్మాట్లు మార్చుచున్నారు" అని కొందఱు. "వారిచ్చినది వాడుకొనుటయే మన పని" యని కొందఱు. రెండును దొందరపాటు మాటలే. క్రొత్త పనులు చేర్చునప్పుడు ఫార్మాటు మారుట సహజము. అయితే ఫార్మాటు రహస్యమైనచో, దానిని దెఱచు తాళపుచెవి యొక్క కంపెనీ యొద్దనే యుండుననుటయు నిజమే. మన బియ్యము పొరుగువాని గాదెలో బోసి, తాళమును వానికే యిచ్చినట్లగును. వాడు మంచివాడే కావచ్చును. అయినను ఊరు విడిచి పోయినచో మన గతి యేమి?

కావున బహిరంగ ప్రమాణములు పుట్టినవి. ఓపెన్ డాక్యుమెంటు అనునది 2006లో అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. మైక్రోసాఫ్టు వారి క్రొత్త ఆఫీసు ఫార్మాటు 2008లో నట్లే యంగీకరింపబడెను. అడోబి కంపెనీ 1993లో వెలువఱచిన పి.డి.ఎఫ్. సైతము 2008లో నెల్లరి ప్రమాణమయ్యెను. ఇప్పుడు వీని నియమము లెవరైనను జదివి, తెఱచు సాఫ్టువేరు వ్రాయవచ్చును.

ఇచ్చట నొక హెచ్చరిక. పి.డి.ఎఫ్. పుట రూపమును గాపాడును గాని, పాత ఫాంటుతో జేసినచో అందలి యక్షరములు లోపల గజిబిజిగానే యుండును. కంటితో జదువవచ్చును, వెదకుటకు గాని, ఎత్తి వ్రాసికొనుటకు గాని పనికిరాదు.

5. తప్పు వాడువానిది గాదు

మా యొద్దకు వచ్చు తలిదండ్రులలో ననేకులు, "అయ్యా, మాకు కంప్యూటరు చేతకాదు" అని సిగ్గుతో జెప్పుదురు. పంట లెక్కలు, చీట్ల లెక్కలు తలలోనే వేయగల తల్లులు ఈ మాట చెప్పుట మాకు బాధ కలిగించును. డొనాల్డ్ నార్మన్ అను అమెరికా పండితుడు 1988లో వెలువడిన తన గ్రంథమున నొక సంగతి స్థాపించెను. తలుపును త్రోయవలయునో లాగవలయునో తెలియక మనిషి తికమకపడినచో, తప్పు మనిషిది గాదు, తలుపు చేసినవానిది. సాఫ్టువేరు నిట్టిదే. ఫైలు ఎక్కడ దాచబడినదో, ఏ రూపమున దాచబడినదో చెప్పని సాఫ్టువేరు పిడి లేని తలుపువంటిది. మీలో రేపు ఇంజనీర్లగువారు దీనిని మఱవకుడు. మీ యమ్మమ్మ అడుగకయే వాడగలిగినచో మీ పని బాగున్నదని యెంచుకొనుడు.

6. మనము చేయవలసినవి

మొదటిది: తెలుగును యూనికోడులోనే వ్రాయుడు. మండలి, రామభద్ర, మల్లన్న మున్నగు యూనికోడు ఫాంటులు వెల లేకయే లభించుచున్నవి.

రెండవది: పేరు మార్చినచో ఫార్మాటు మారదు. ఫోటో ఫైలు చివర పి.డి.ఎఫ్. అని వ్రాసినంతనే అది పి.డి.ఎఫ్. కాదు. సీసాపై చీటీ మార్చినచో కిరోసిను నూనె నేయి యగునా?

మూడవది: ముఖ్యమైన ఫోటోల అసలు ప్రతులను దాచుడు. జేపెగ్ అను ఫార్మాటు చోటు మిగుల్చుటకై కొంత వివరమును విడిచివేయును. మార్చి మార్చి దాచిన కొలది మఱికొంత పోవును.

నాల్గవది: ఒక్క ప్రతిని నమ్మకుడు. వేర్వేఱు చోట్ల ప్రతులుంచి, కొన్నియేండ్ల కొకసారి తెఱచి చూచి, క్రొత్త రూపమునకు మార్చుచుండుడు. కాగితపు ప్రతి యొకటి యుండుట యెన్నటికిని మంచిదే.

ప్రయోగము చేయగోరువారు, వర్డు ఫైలు నకలొకటి దీసి, పేరు చివరనున్న డాక్స్ అను తోకను జిప్ అని మార్చి తెఱచి చూడుడు. లోపల పెట్టెలో పెట్టెలు గనబడును. పైన జెప్పిన నియమమునకు ఇది విరుద్ధము గాదు; ఆ ఫైలు మొదటినుండియు జిప్ రూపమే.

ఇక మా కథ ముగింపు. వెనుకటి సంచికను గూర్చిన యొక ముసలి కంపోజిటరు ఆ ఫాంటును గుర్తుపట్టిరి. దానిని యూనికోడునకు మార్చు సాధనముతో వ్యాసము చాలవఱకు దిరిగి వచ్చినది. అయినను ఒత్తులు తాఱుమాఱై, కొన్ని మాటలు విఱిగియుండెను. తొమ్మిదవ తరగతి విద్యార్థులు మూడు మధ్యాహ్నములు కూర్చుండి, మిగిలిన నాలుగు పుటలతో బోల్చుచు అక్షరమక్షరము సరిచేసిరి. ఒక్క మాట మాత్రము ఎవరికిని దెలియలేదు. అది యొక యూరి పేరు. కుమార్తె వచ్చి చూచి, "ఇది మా అమ్మ పుట్టిన యూరు" అని చెప్పి, తానే కూర్చుండి ఆ పేరును టైపు చేసెను.

ఆ వ్యాసము ఈ సంచికలో మరల నచ్చుపడుచున్నది. విద్యార్థులారా, దానిని జదువుడు. మీరు వ్రాయునది సైతము మీ తరువాతివారు చదువునట్లు దాచుడు.