వెలుగు చదివెడు పలక

హైదరాబాదు నగరమున జూబిలీ హిల్స్ ప్రాంతమందు, బండరాళ్ల గుట్టల నడుమ ఫిల్మ్‌నగర్ అను పేట కలదు. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మదరాసునుండి క్రమముగా తరలివచ్చిన పిమ్మట ఈ పరిసరము దానికి నిలయమైనది. అక్కినేని నాగేశ్వరరావు గారు స్థాపించిన అన్నపూర్ణ స్టూడియో, డి. రామానాయుడు గారు స్థాపించిన రామానాయుడు స్టూడియో ఈ చుట్టుపట్లనే వెలసినవి. ఇచ్చట నటుడు పలికిన మాటయు, గాయని పాడిన పాటయు తెలుగునాట మారుమూల పట్టణమందలి ప్రేక్షకుని చెవికి చెడకుండ చేరవలెను. లేనిచో ఎందరో పడిన శ్రమ వ్యర్థమగును.

పూర్వము చిత్రముయొక్క ధ్వని ఫిల్ముమీదనే, బొమ్మల ప్రక్కన, సన్నని చారగా ముద్రింపబడెడిది. ప్రొజెక్టరునందు ఆ చారగుండ దీపకాంతి ప్రసరింపగా, కాంతిలోని హెచ్చుతగ్గులు ధ్వనిగా మారెడివి. ఫిల్ము పలుమారులు తిరిగినకొలది చారపై గీతలు పడి, దుమ్ము చేరి, పాటతోపాటు చిటపటలును వినవచ్చెడివి. ఈ లోపమును తొలగించుటకు డి.టి.యస్. అను పద్ధతి ఏర్పడినది. 1993వ సంవత్సరమున అమెరికాలో విడుదలైన ‘జురాసిక్ పార్క్’ చిత్రముతో అది థియేటర్లలో ప్రవేశించెను. ఆ దశాబ్దము ముగియులోగా తెలుగు చిత్రములును దానిని స్వీకరించినవి.

ఈ పద్ధతిలో ధ్వని ఫైళ్లు ఫిల్ముమీద గాక, వేరుగా కాంపాక్ట్ డిస్కులయందు, అనగా సి.డి.లయందు ఉండెడివి. ఫిల్ముపై కాలమును తెలుపు చిన్న గుర్తులు ముద్రింపబడెడివి. ప్రొజెక్టరునకు అమర్చిన సాధనము ఆ గుర్తులను చదివి, ఏ క్షణమున ఏ ధ్వని కావలెనో డిస్కు యంత్రమునకు తెలిపెడిది. ఫిల్ము తెగి, ఆపరేటరు కొన్ని బొమ్మలను కత్తిరించి అతికినను, తరువాతి గుర్తునుబట్టి యంత్రము సరియైన చోటికి చేరుకొనెడిది. పెదవి కదలిక ఒకటి, మాట మరియొకటి అయ్యెడిది కాదు. డిస్కే మొరాయించినచో, ఫిల్ముపై అట్లే ఉంచిన పాత చార ఆదుకొనెడిది.

ఇంతటి భారమును మోసిన డిస్కు ఎట్టిది? దాని వ్యాసము 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు మాత్రమే. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలసి రూపొందించిన ఈ సాధనము 1982లో జపాను దేశమున మొదట అమ్మకమునకు వచ్చినది. పారదర్శకమైన ప్లాస్టిక్కు బిళ్లపై కంటికి కనబడని గుంటలు వరుసగా నుండును. వాటిపై పలుచని అల్యూమినియపు పూత, ఆపై రక్షణ పొర యుండును. గుంటల బాట లోపలినుండి బయటికి చుట్టలు చుట్టుకొని సాగును. దానిని సాగదీసినచో 5 కిలోమీటర్లకు మించును!

లేజరు కిరణము అడుగునుండి ఈ బాటపై పడును. సమతలమున పడిన వెలుగు చక్కగా తిరిగివచ్చును. గుంటపై పడినది క్షీణించి వచ్చును. వెలుగు మారినచోట ‘ఒకటి’ అనియు, మారనిచోట ‘సున్న’ అనియు యంత్రము గ్రహించును. ఈ రెండంకెలతోనే మాట, పాట, బొమ్మ, లెక్క అన్నియు వ్రాయబడును. సూది తగులదు గనుక, ఎన్నిమారులు చదివినను బాట అరుగదు. ఫైళ్లు గల డిస్కునందు ఒక విషయసూచికయు నుండును. విద్యార్థి విషయసూచిక చూచి పాఠమును తెరచునట్లు, యంత్రము దానిని చూచి కిరణమును నేరుగా కావలసిన ఫైలు కడకు నడుపును.

అయితే డిస్కుమీద గీత పడినచో నేమగును? 7, 4, 9 అను అంకెలతోపాటు వాటి మొత్తము 20 కూడ వ్రాసియుంచినచో, నడిమి అంకె చెరిగినను అది 4 అని తెలియును. ఇర్వింగ్ రీడ్, గస్టావ్ సాలమన్ అను గణితవేత్తలు 1960లో ప్రకటించిన విధానము ఇట్టి ఉపాయమే. కాని మిక్కిలి సూక్ష్మమైనది. దానినే సి.డి.యందు వాడుదురు. అంతేగాక, రైతు విత్తనమంతయు ఒకే కుండలో దాచక పలు కుండలలో దాచినట్లు, అంకెలను దూరదూరముగా వెదజల్లుదురు. పాటలో ఒక అంకె పూర్తిగా పోయినను, ఇరుగుపొరుగు అంకెలనుబట్టి ఊహించి పూరింపవచ్చును; చెవి దానిని గుర్తింపదు. ఫైలులో అట్టి ఊహ పనికిరాదు. ఒక అక్షరము మారినను అర్థము చెడును. అందుచే ఫైళ్ల డిస్కునందు మరికొన్ని దిద్దుబాటు అంకెలు చేర్చుదురు.

నేడు థియేటర్లలో ఫిల్మును, ఆ డిస్కులును దాదాపు కనుమరుగైనవి. చిత్రములు హార్డ్ డిస్కులలోను, ఉపగ్రహ మార్గమునను డిజిటల్ ఫైళ్లుగా చేరుచున్నవి. డిస్కునకును ఆయువు కలదు. పేరు ముద్రించిన వైపున గీసికొని పూత లేచిపోయినచో, అచ్చటి అంకెలు మరల చదువుటకు రావు. చదువు యంత్రమే దొరకనినాడు చెడని డిస్కును మూగయగును. పూర్వము తాళపత్రము శిథిలము కాకముందే లేఖకుడు క్రొత్త ఆకులపై మరియొక ప్రతి వ్రాసెడివాడు. ఆ శ్రమవలననే ఎన్నో గ్రంథములు నేటివరకు నిలిచినవి. ఫిల్మ్‌నగర్‌లో పుట్టిన పాటకును ఆ నియమమే వర్తించును. ఉన్న ప్రతిని పెట్టెలో దాచినంత మాత్రమున చాలదు. అది చెడకముందే క్రొత్త ప్రతి తీసినవాడే దానిని రక్షించినవాడగును.