సైన్స్ విద్యార్థికి ఫిలాసఫీ పేపరు ఎందుకు?

న్యూటన్ సూత్రాలతో లెక్కగడితే యురేనస్ ఉండాల్సిన చోట ఉండేది కాదు. అంటే న్యూటన్ తప్పనేనా? ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త లవెరియే అలా అనుకోలేదు. ఎవరి కంటా పడని మరో గ్రహం దాన్ని లాగుతోందని, అది ఫలానా చోట ఉండాలని లెక్క తేల్చాడు. 1846లో బెర్లిన్‌లో టెలిస్కోపు అటు తిప్పగానే నెప్ట్యూన్ దొరికింది. తర్వాత బుధగ్రహం కక్ష్యలోనూ చిన్న తేడా బయటపడింది. ఆయన మళ్లీ అదే దారిలో వెళ్లి, సూర్యుడి దగ్గర ఇంకో గ్రహం ఉండాలన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. ఎంత వెతికినా కనిపించలేదు, ఎందుకంటే అది లేనే లేదు. ఈసారి మారాల్సింది న్యూటన్ సిద్ధాంతమేనని 1915లో ఐన్‌స్టీన్ చూపించాడు.

మనిషి ఒక్కడే, తర్కమూ ఒక్కటే. ఫలితాలు మాత్రం రెండు. మరి లెక్క కుదరనప్పుడు సిద్ధాంతాన్ని వదిలేయాలా, కారణం ఇంకెక్కడైనా వెతకాలా? ఫిలాసఫీ ఆఫ్ సైన్స్ తొలి కోర్సులో చాలా భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. తప్పని తేలే అవకాశమే లేని వాదం సైన్స్ కాదని 1934లో తత్వవేత్త కార్ల్ పాపర్ అన్నాడు. శాస్త్రవేత్తలు చిన్నాచితకా తేడాలకు మూల సిద్ధాంతాన్ని వదులుకోరని, అవి పేరుకుని సంక్షోభమైతేనే మార్పు వస్తుందని 1962లో థామస్ కూన్ రాశాడు. ఈ పేర్లూ సంవత్సరాలూ బట్టీ పడితే పరీక్ష గట్టెక్కుతారేమోగానీ కోర్సు చేజారినట్టే. ముందు వల్కన్ కథ చదవండి. లవెరియేని పాపర్ తప్పుబట్టగలడా అని ఒక పేజీ మీ మాటల్లో రాయండి. చాలా కష్టంగా ఉంటుంది. ల్యాబ్‌లో రీడింగ్ తేడా వచ్చినప్పుడు పరికరాన్ని అనుమానించాలా, ఊహనా అని తేల్చుకునే పని కూడా అచ్చం ఇదే. పుస్తకాల్లో సమీర్ ఒకాషా రాసిన చిన్న పరిచయ గ్రంథంతో మొదలుపెట్టి అలన్ చాల్మర్స్‌కు వెళ్లండి.

ఈ ఒక్క పేపరుతో ఉద్యోగం రాదు. అధ్యాపక వృత్తి కావాలంటే ఎంఏ ఫిలాసఫీ, ఆపై నెట్ లేదా పీహెచ్‌డీ తప్పవు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫిలాసఫీ విభాగం ఉంది. విదేశాలకు వెళ్లేవారికి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పాపర్ పాఠాలు చెప్పిన విభాగం, కేంబ్రిడ్జ్‌లో సైన్స్ చరిత్ర-తత్వం విభాగం పేరున్నవి. నా దృష్టిలో ఎక్కువ లాభం మాత్రం సైన్స్ వదలనివారికే. పీహెచ్‌డీ కోర్సువర్క్‌లో యూజీసీ తప్పనిసరి చేసిన పరిశోధన నైతికత పేపరు ఫిలాసఫీతోనే మొదలవుతుంది. సివిల్స్‌లో ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకునేవారికి, సైన్స్ తత్వంతో ముడిపడిన లాజికల్ పాజిటివిజం సిలబస్‌లోనే ఉంది. సైన్స్ జర్నలిజంలోకి వెళ్తే, ఒక అధ్యయనం ఏం రుజువు చేసిందో, ఏం చేయలేదో విడదీసి చెప్పాల్సిందే.

ఓపెన్ ఎలెక్టివ్‌గా దొరికితే రెండు, మూడో సంవత్సరాల్లో తీసుకోండి. అప్పటికి మీ సబ్జెక్టులో నాలుగు ప్రయోగాలు చేసి ఉంటారు. చేరేముందు సిలబస్ తెప్పించి చూడండి. అందులో వల్కన్ లాంటి అసలు ఘటనలు లేకుండా తత్వవేత్తల జాబితా మాత్రమే ఉంటే, స్వయం పోర్టల్‌లో ఇంతకన్నా మంచి కోర్సు ఉందేమో వెతకండి.