నిర్వహణ కూడా ఒక సాంకేతిక విద్యే

మార్కాపురం పలక పట్టని తెలుగు విద్యార్థి ఒకప్పుడు అరుదు. రాయిని పల్చని పొరలుగా చీల్చి, కొయ్యచట్రం బిగించి మనవాళ్ళు ఊరూరికీ పంపారు. తరువాత నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. బడిపలకకు గిరాకీ తగ్గింది. ఆ రాయే టైల్సుగా విదేశాలకు పోసాగింది. ఇలాంటి మార్పుల్లో కొన్ని సంస్థలు నిలుస్తాయి, కొన్ని మూతబడతాయి. ఎందుచేత? పెట్టుబడి, యంత్రాలు, కరెంటు అని మనం వెంటనే చెప్పేస్తాం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ మరొక కారణం చూపారు. అది నిర్వహణ.

2008లో ఆయన బృందం బొంబాయి దగ్గరి నేతమిల్లుల్లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. 14 మిల్లులకు ఐదు నెలలపాటు నిపుణుల సలహా ఉచితంగా ఇప్పించారు. పోల్చి చూడటానికి మరో 6 మిల్లులను ఒక నెల పరిశీలించి వదిలేశారు. కొత్త యంత్రాలేమీ ఇవ్వలేదు. లోపాలు ఏ రోజు ఎన్ని వచ్చాయో రాయటం, నూలు నిల్వకు లెక్క ఉంచటం, మగ్గం ఆగిపోకముందే బాగుచేయటం, ఇవే సలహాలు! మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది.

మరి యజమానులు ఈ పని ముందే ఎందుకు చేయలేదు? కొందరికి తెలియదు. తెలిసినవారు “మాకు అక్కరలేదు” అనుకున్నారు. పైగా బయటివారిని నమ్మి పెత్తనం అప్పగించలేక, ఇంట్లో మగపిల్లలు ఎందరుంటే వ్యాపారం అంతవరకే పెరిగింది. ఏళ్ళ తరువాత మళ్ళీ వెళ్ళి చూస్తే, నేర్చుకున్న పద్ధతుల్లో దాదాపు సగం వదిలేశారు. ఐనా మిగతా మిల్లులకంటే ముందే ఉన్నారు.

అనిశ్చితిపై బ్లూమ్ 2009లో చెప్పిన మాట మన మెట్టరైతుకు సులభంగా అర్థమవుతుంది. తొలకరి సంగతి తేలనప్పుడు రైతు విత్తనం చేతబట్టుకుని ఆగుతాడు. రేపేమిటో తెలియనప్పుడు వ్యాపారీ అంతే. పెట్టుబడి ఆపుతాడు, కొత్తవారిని పనిలో పెట్టుకోడు. అందరూ ఒక్కసారే ఆగితే దేశమే మందగిస్తుంది.

కొత్త ఆలోచనలు కూడా ఖరీదైపోతున్నాయని ఆయన, సహచరులు 2020లో చూపారు. కంప్యూటర్ చిప్పు సాంద్రతను రెట్టింపు చేయాలంటే 1970ల తొలినాళ్ళకంటే 18 రెట్లకు పైగా పరిశోధకులు కావలసివస్తోంది. కాని తెలిసిన పద్ధతిని ఆచరించటం చవక. వానను, విదేశీ గిరాకీని మనం శాసించలేం. పగిలిన రాయిని లెక్కపెట్టగలం. మన కామర్సు విద్యార్థులు ఒక పలకల కార్ఖానాలో నెలరోజులు ఆ లెక్క రాసిపెడితే, యజమానికీ కూలీకీ మేలే. పాఠం మనకు.