మరిగే ఆమ్లానికి లొంగని లోహం

మన ఇళ్ళలో మామిడికాయ తొక్కును జాడీలో పెడతారు గాని అల్యూమినియం గిన్నెలో పెట్టరు. ఉప్పు, పులుపు కలిసి ఆ లోహాన్ని తినివేస్తాయని పెద్దలకు అనుభవపూర్వకంగా తెలుసు. ఇదియే లోహక్షయం. ఇంటిలో చెడేది ఒక గిన్నె మాత్రమే. కర్మాగారంలో మరిగే ఆమ్లం పాత్రను తొలిస్తే మనుషుల ప్రాణాలకే ముప్పు. అట్టిచోట ఆశ్రయించదగిన లోహాలలో జిర్కోనియం ముఖ్యమైనది.

1789లో క్లాప్రోత్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు జిర్కాన్ ఖనిజంలో ఈ మూలకం ఉనికిని కనుగొన్నాడు. ‘బంగారు వన్నె గలది’ అని అర్థమిచ్చే పారశీక పదం నుండి ఈ పేరు పుట్టినదని పండితుల అభిప్రాయం. మనం జరీ అంచు అనడంలోని ‘జర్’ కూడ ఆ బంగారమే. జిర్కాన్ మన కోస్తా తీరపు ఇసుకలోనూ లభిస్తుంది.

అయితే జిర్కోనియం బంగారం వలె స్వభావసిద్ధంగా జడమైన లోహం కాదు. పైగా ఆక్సిజన్‌తో అతి చురుకుగా కలుస్తుంది. ఆ చురుకుదనమే దానికి కవచమైనది. గాలిగాని నీరుగాని సోకగానే దాని ఉపరితలంపై పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. పొరపై గీతపడినా తిరిగి పూడుకొంటుంది. అందుచేతనే మరిగే హైడ్రోక్లోరికామ్లంగాని, సుమారు 70 శాతం గాఢత వరకు మరిగే సల్ఫ్యూరికామ్లంగాని దానిని దాదాపు ఏమియు చేయజాలవు.

దీనికి నిదర్శనం మన సమీపాననే ఉన్నది. 1971లో హైదరాబాదులో నెలకొల్పిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ జిర్కలాయ్ గొట్టాలను తయారుచేస్తున్నది. జిర్కోనియానికి సుమారు ఒకటిన్నర శాతం తగరం, స్వల్పంగా ఇనుము, క్రోమియం చేర్చిన మిశ్రలోహమిది. ఈ గొట్టాలలో యురేనియం ఆక్సైడు బిళ్ళలను నింపి అణు రియాక్టర్లలో వాడతారు. వాడిన ఇంధనాన్ని తారాపూర్, కల్పాక్కం కేంద్రాలలో ముక్కలుగా కోసి వేడి నైట్రికామ్లంలో ఉంచుతారు. లోపలి ఇంధనం కరిగిపోతుంది. గొట్టపు ముక్కలు కరగక మిగులుతాయి.

ఇంతటి లోహానికీ శత్రువు లేకపోలేదు. గాజును సైతం కరిగించే హైడ్రోఫ్లోరికామ్లం ఈ పొరను ఛేదిస్తుంది. ఇతర ఆమ్లంలో కొద్దిపాటి ఫ్లోరైడు కలిసినా ప్రమాదమే. హైడ్రోక్లోరికామ్లంలో ఫెర్రిక్ క్లోరైడు వంటి మలినం చేరితే లోహంపై గుంటలు పడతాయి.

కనుక ‘ఈ లోహం ఆమ్లానికి ఆగుతుందా?’ అన్న ప్రశ్న అసంపూర్ణం. ఏ ఆమ్లం, ఎంత గాఢత, ఎంత వేడి, అందులో ఏ మలినం? ఈ నాలుగూ విచారించిన పిమ్మటనే పాత్రను ఎన్నుకోవాలి. ప్రయోగశాలలో సీసాపై చీటీని శ్రద్ధగా చదివే విద్యార్థి ఈ విచారణను ఇప్పుడే అభ్యసిస్తున్నాడని గ్రహించాలి.