అరకు కాఫీ, పోపుల డబ్బాలో మెంతులు, తాతయ్యగారి కండరాలు

అరకు చూసి వచ్చిన చాలా ఇళ్లలో ఒక కాఫీ పొడి ప్యాకెట్ కనిపిస్తుంది. పోపుల డబ్బాలో మెంతులు ఎలాగూ ఉంటాయి. ఈ రెండింటిలోనూ ఉండే ఒక పదార్థం గురించి ఈ నెల సైన్స్ పేజీ. దాని పేరు ట్రైగోనెలిన్. మెంతి మొక్క శాస్త్రీయ నామం ట్రైగోనెల్లా. 1885లో ఈ పదార్థాన్ని మొదట మెంతుల నుంచే వేరుచేశారు కాబట్టి ఆ పేరు వచ్చింది.

"కాఫీ తాగితే ముసలితనంలోనూ కండబలం" అనే మెసేజ్ మీ ఫోన్‌కూ వచ్చి ఉండవచ్చు. అందులో నిజం ఎంత? పెద్దవాళ్లున్న ఇళ్లకు ఇది తెలియడం అవసరం, ఎందుకంటే ఇలాంటి మాటల వెనకాలే ఖరీదైన క్యాప్సూళ్లు కూడా వస్తాయి.

మీ అబ్బాయినో అమ్మాయినో మైటోకాండ్రియా అంటే ఏమిటని అడగండి. "కణ శక్త్యాగారం" అని టక్కున చెబుతారు. తిన్న అన్నం నుంచి ఆ శక్త్యాగారం శక్తి తీయాలంటే ఎన్‌ఏడీ అనే అణువు కావాలి. వయసు పెరిగేకొద్దీ కండరాల్లో అది తగ్గుతుంది. కండ కూడా తగ్గుతుంది. నేల మీద కూర్చున్న నాయనమ్మ లేవడానికి చెయ్యి అందించమనడం వెనక మోకాళ్ల నొప్పే కాదు, ఇది కూడా ఉండవచ్చు. వయసుతో వచ్చే ఈ కండ నష్టానికి వైద్యంలో సార్కోపీనియా అని పేరు.

2024లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం, నెస్లే పరిశోధన విభాగం తదితరులు కలిసి నేచర్ మెటబాలిజం పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. సార్కోపీనియా ఉన్న పెద్దల రక్తంలో ట్రైగోనెలిన్ తక్కువగా ఉందని గమనించారు. ప్రయోగశాలలో పెంచిన మనిషి కండర కణాలకు దాన్ని ఇస్తే ఎన్‌ఏడీ పెరిగింది. ముసలి ఎలుకలకు ఇస్తే వాటి కండరాల పనితీరు మెరుగైంది. ఇంతవరకూ నిజమే. కానీ రక్తంలో తక్కువగా ఉండటం వేరు, అదిస్తే మనిషికి బలం రావడం వేరు. పెద్దవాళ్లకు నెలల తరబడి ఇచ్చి చూసిన ఫలితం కాదిది. ఇంకో మాట, నెస్లే కాఫీ అమ్మే సంస్థ. అంతమాత్రాన అధ్యయనం తప్పని కాదు. అయినా "దీనికి డబ్బు ఎవరు పెట్టారు?" అని అడగడం పిల్లలకు నేర్పాల్సిన అలవాటే.

ఇక మన కొండల సంగతి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకు, పాడేరు, చింతపల్లి వైపు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్లు, ఆ పైన, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో గిరిజన రైతులు కాఫీ పెంచుతారు. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. పండిన ఎర్రటి కాయలను చలికాలంలో చేత్తో ఒక్కొక్కటిగా కోస్తారు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పంట అరబికా రకం. పచ్చి అరబికా గింజ బరువులో ట్రైగోనెలిన్ సుమారు ఒక శాతం ఉంటుంది, రోబస్టాలో సాధారణంగా అంతకన్నా తక్కువ. అయితే గింజను వేయించేటప్పుడు అది విరిగిపోతుంది. కొంత నియాసిన్ అవుతుంది, అంటే బి3 విటమిన్. ఇంకొంత ఆ కమ్మటి వాసనలోకి పోతుంది. గింజ ఎంత నల్లగా వేగితే మిగిలేది అంత తక్కువ. చికోరీ కలిపిన పొడిలో కాఫీ పాలే తక్కువ. కాబట్టి కప్పు కాఫీలో మందు మోతాదు వెతకడం దండగ. "గిరిజనుల బలం రహస్యం" అని ఎవరైనా అమ్మజూపితే అసలు నమ్మకండి. కాఫీ వాళ్లకు అమ్మకపు పంట. ఆ వాలుల్లో రోజూ ఎక్కి దిగడం మాత్రం నిజమైన వ్యాయామం.

మరి తాతయ్య కాఫీ మానేయాలా? అక్కర్లేదు. కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదని, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా కాఫీ, టీ వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వాటిలోని టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. పిల్లలకు ఈ పేరు చెప్పి కాఫీ అలవాటు చేయకండి. మెంతులు కూరల్లో వాడుకోవచ్చు. చక్కెర వ్యాధికి మాత్రలు వేసుకునేవారు మాత్రం చెంచాల లెక్కన మెంతిపొడి మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను అడగాలి, ఎందుకంటే షుగర్ మరీ పడిపోవచ్చు.

కండ నిలవాలంటే దానికి పని ఉండాలి, ప్రొటీన్ అందాలి. పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అని అదే సంస్థ లెక్క. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. రాత్రిళ్లు మజ్జిగ అన్నంతో సరిపెట్టే అమ్మమ్మకు అది అందడం కష్టం. పప్పు, గుడ్డు, పెరుగు, చింతపల్లి వైపు పండే రాజ్మా ఏదో ఒకటి పూటపూటా పడాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టర్ చెప్పిన మేరకే తినాలి.

ఈ ఆదివారం పిల్లలతో ఒక చిన్న పరీక్ష చేయించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని తాతయ్యగారు కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. పిల్లలు ఫోన్‌లో సెకన్లు లెక్కించాలి. ఆసియా వైద్య నిపుణుల బృందం 2019లో పెట్టిన హద్దు 12 సెకన్లు. అంతకన్నా ఎక్కువ పడితే ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు ఆ అంకె డాక్టర్‌కు చెప్పండి. చక్రాల కుర్చీ వద్దు. మామూలు కుర్చీని గోడకు ఆనించి పెట్టి, పక్కన మీలో ఒకరు నిలబడండి. ఈమధ్యే పడినవారితో, కళ్లు తిరిగేవారితో ఇది చేయించకండి.