శాటిలైట్ ఫోన్: సిగ్నల్ ఉంది కదా అని బ్యాగులో వేసుకోవద్దు

సెల్ టవర్లు లేని చోట నేరుగా ఉపగ్రహంతో పనిచేసేది శాటిలైట్ ఫోన్. చమురు బావులు, గనులు, ఓడలు, ఎడారి సైట్లు అంటూ తరచూ తిరిగే కంపెనీ అధికారులు, కాంట్రాక్టర్లు దీన్ని కొంటారు. మార్కెట్లో ఇరిడియం, ఇన్‌మార్‌శాట్, థురయా పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. 66 ఉపగ్రహాల ఇరిడియం భూమ్మీద ఏ మూలనైనా పలుకుతుంది. థురయా యూఏఈ కంపెనీది. దుబాయ్‌లో బహిరంగంగానే అమ్ముతారు. అమ్మేవాడు చూపించే కవరేజీ మ్యాపులో ఇండియా కూడా ఉంటుంది. కొన్నవాళ్లు ఆ మ్యాపునే లైసెన్సు అనుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇలాంటి పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. మాట్లాడారా లేదా అన్నది తర్వాతి ప్రశ్న. స్విచాఫ్ చేసి సూట్‌కేసు అడుగున పెట్టినా కేసు కేసే. ఆరో సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పరికరాన్ని కోర్టు జప్తు చేయవచ్చు. పాత చట్టాల స్థానంలో విడతలుగా అమల్లోకి వస్తున్న 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలోనూ అనుమతి లేనిదే రేడియో పరికరం ఉంచుకోరాదు.

జరిమానా వెయ్యే కదా అని తీసిపారేసేవారు 2022 జులై నాటి చమోలీ కేసు చూడాలి. సౌదీ ఆరాంకోకు చెందిన ఒక బ్రిటిష్ ఉన్నతాధికారి సెలవులకు ఉత్తరాఖండ్‌లోని పూలలోయ చూడటానికి వచ్చాడు. వెంట శాటిలైట్ ఫోన్ ఉంది. దాన్ని ఆన్ చేయగానే సంకేతం భద్రతా విభాగాలకు అందింది, పోలీసులు హోటల్‌కే వచ్చారు. చివరికి కట్టింది వెయ్యి రూపాయలు. అంతకుముందు జైల్లో గడిపింది దాదాపు వారం. ఎడారిలో వాడుకోవడానికి కొన్నానన్న అతని సంజాయిషీ అరెస్టును ఆపలేదు. వ్యాపారికి జరిమానా లెక్క కాదు; ఆ వారం, ఆ తర్వాత వీసా ఫారంలో రాయాల్సిన జవాబు, అవే అసలు నష్టం.

ప్రభుత్వం చూపే ఈ పట్టుదలకు కారణం తెలిసిందే. 2008 ముంబయి దాడి చేసినవారు థురయా ఫోన్ వాడారు. ఆ తర్వాత థురయా, ఇరిడియంలపై నిఘా బిగిసింది. టెలికాం శాఖ అనుమతితో బీఎస్ఎన్ఎల్ ఇచ్చే ఇన్‌మార్‌శాట్ సేవ ఒక్కటే సాధారణంగా చట్టబద్ధమైన దారి. 2017లో మొదలైన ఆ సేవ తొలి విడతలో పోలీసులు, రైల్వేలు, విపత్తు నిర్వహణ వంటి ప్రభుత్వ విభాగాలకే అందింది.

అధికారుల తీరు గురించి ఒక మాట. చట్టం 1933 నాటిది. ప్రయాణికులకు ఈ నిషేధం ముందుగా చెప్పండని పౌర విమానయాన శాఖ విభాగం డీజీసీఏ విమాన సంస్థలను ఆదేశించింది 2025 జనవరిలో! విమానాశ్రయాల్లో బంగారం గాజుల తూకం మీద చూపే శ్రద్ధలో పావువంతు దీనిమీద పెట్టినా చాలామంది బయటపడేవారు.

పర్వతారోహకులు వాడే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ సందేశ పరికరాలకూ ఇదే గతి. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఒక కెనడా క్రీడాకారిణిని దీనికే ఆపేశారు. కర్నూలు జిల్లా పత్తికొండ, తుగ్గలి వైపు నుంచి గల్ఫ్‌కు రాకపోకలు సాగించేవారు ఈ సంగతి తెలుసుకోవాలి; జొన్నగిరి బంగారు గని లాంటి పనులకు విదేశీ నిపుణుల్ని పిలిపించేవారు టికెట్ తీసేముందే వాళ్లకు చెప్పాలి. బెంగళూరులో దిగాక, శంషాబాద్‌లో దిగాక తెలుసుకుంటే ప్రయోజనం లేదు. ఫోన్ విదేశంలోనే వదిలిరావాలి, లేదా టెలికాం శాఖ అనుమతి పత్రం చేతికొచ్చాకే తేవాలి. ఇప్పటికే ఇంట్లో ఉన్నవారు ఆన్ చేయవద్దు, ఎవరికీ అమ్మవద్దు, ముందు న్యాయవాదిని కలవాలి.